మెడ దగ్గర

బుధవారపేటలో నా వెల్డింగు కొట్టుకు
విరిగినవే వస్తాయి.
మంచం కోళ్లు, ట్రాలీ కొక్కేలు,
ఒకసారి పీర్లచావిడి తలుపు గొళ్లెం.
కొత్తవి ఎట్లుంటాయో
నాకు పెద్దగా తెలియదు.

ముందటేడు ముసురులో సుంకేసుల నుంచి
మద్దిలేటి వచ్చినాడు, చంకలో ఎత్తుడువల.
ఆ ఏడాదికి అది మూడోది.
అట్టపెట్టె గూడా తెచ్చినాడు, సాక్ష్యానికి.
దాని మీద ఎవరో దొర నవ్వుతా
చంటిబిడ్డ మాదిరి చేపను ఎత్తుకోనుండాడు.
పదిహేను కిలోల దాకా భయం లేదంట.
"ఆయప్ప ఎత్తింది యాడనో గాని
ఆ చేప మన ఏట్లోది కాదన్నా."

బల్ల మీద పెట్టి చూసినా.
కాడ అల్యూమినియం, మూడు మడతలు,
లాగితే ఒకదాంట్లోంచి ఒకటి
అత్తరు సీసా బిరడా తీసినంత మెత్తగా వస్తుంది.
వల రబ్బరుది. గాలం ముల్లు తగులుకోదు,
పొలుసు ఊడదు, నీచువాసన పట్టదు.
గుండ్రం చువ్వ వంచితే వంగింది,
విడిస్తే మళ్లీ గుండ్రమే.
మంచి పనే, కాదనను.
కానీ చువ్వా కాడా కలిసే చోట,
బరువంతా వచ్చి కూర్చునే చోట,
బొటనవేలంత నల్ల ప్లాస్టిక్కు.
విరిగింది అక్కడే.
పోయినవి రెండూ అక్కడేనంట.

"ఎట్ల విరిగె?"
"గేట్లు దించినంక, మడుగులో. వాలుగ.
అరగంట ఆడించినా ఖాజన్నా,
అలిసి పక్కకు తిరిగింది.
వల కింద పెట్టినా, ఎత్తినా,
టప్పుమనింది.
కాడ నా చేతిలోనే ఉండాది.
వల దానికి టోపీ మాదిరి పాయ."
మా పిల్లోడు కిసుక్కుమన్నాడు.
మద్దిలేటి నవ్వలేదు,
ఆ పొద్దు వాలుగ కిలో ఎంతో చెప్పినాడు.
నేను పిల్లోన్ని టీకి పంపినా.

వాళ్ల నాయనది పచ్చి చింతబరికె వంచి కట్టిన చట్రం,
తుమ్మచెక్క నీళ్లలో ఉడికించిన నూలు వల.
పాతదే గట్టిదని నేననను.
ఏడాదికే కుళ్లేది, ఎలుకలు కొరికేవి,
వానాకాలమంతా ఆయన అల్లుతానే ఉండేటోడు.
కానీ విరిగే ముందు
అది కిర్రుమనేదంట.
కిర్రుమంటే ఆయన కాడ వదిలి
రెండు చేతులా చట్రం పట్టుకునేటోడు.
"ఇదేమో చివరి గడియ దాకా
నోరు తెరవదన్నా."

ప్లాస్టిక్కును అతికే విద్య నా దగ్గర లేదు.
మూలకున్న ఇనుప కుప్పలో వెతికితే
మోటారు బుష్షు ఒకటి దొరికింది.
కోడుమూరు పక్క రైతు బోరెండి పీకేసింది,
నీళ్ల మొకం చూసి ఎన్నేండ్లాయనో.
సగానికి కోసి, లోపల సాన పట్టి,
రెండు బెజ్జాలు పొడిచి,
రివిట్లు కాకుండా నట్లు బిగించినా.
చెయ్యి తెగకుండా అంచులు ఆకురాయితో రుద్దినా.
రేషను కొట్లో రెండు పదికిలోల రాళ్లు అడుక్కొచ్చి
వల్లో వేసి ఎత్తమన్నా.
ఎత్తి, ఊపినాడు.

కిర్రు.

సన్నగా, చెవి పెడితేనే వినబడేంత.
"బిగువు చాల్లేదు, ఇంకో చుట్టు తిప్పుతా" అని పానా తీసుకున్నా.
"వద్దన్నా," చెయ్యి అడ్డం పెట్టినాడు,
"అట్లనే ఉండనీ."

నూటయాభై అడిగితే నూరిచ్చినాడు.
యాభైకి చేప తెస్తానన్నాడు.

మొన్న మళ్లీ వచ్చినాడు.
రబ్బరు వల మన ఎండకు పెళుసు బారి
అప్పడం మాదిరి విరుగుతోందంట.
కాడను శ్రావణంలో వరద ఎత్తుకపోయింది,
ఎట్ల వదిలినాడో అడగలేదు.
చంకలో ఇంకో కొత్త పెట్టె, దాని మీద ఇంకో దొర.
చొక్కా జేబులోంచి బుష్షు తీసి బల్ల మీద పెట్టినాడు.
నట్లు తుప్పు పట్టినాయి గాని
అది మాత్రం ఏటి ఇసుక రుద్దుకోని
చెవిపోగు మాదిరి మెరుస్తాంది.
"దీన్ని దానికెక్కించు,
విరిగినంక గాదు, ఇప్పుడే."

పాత పెట్టెలో నేను మేకులు పోసుకున్నా.
యాభై రూపాయల చేప
ఇంకా ఏట్లోనే ఉంది.